అగ్నివ్యాళానికి వైద్యం

"తన కత్తి తుప్పు పట్టిందని తానే దండోరా వేయించుకునే వీరుణ్ణి ఎక్కడైనా చూశారా, యువరాజా?"

కరిమల్లుడు ఈ మాట అంటూ బాట పక్కనున్న బండరాయి చాటున ఆగాడు. కుంభగిరి రాజ్యంలో గజవైద్యుడంటే అతనే. నలభై ఏళ్లు దాటిన మనిషి. ఒకప్పుడు ఏనుగు తొండం దెబ్బకు విరిగిన ముక్కు ఇప్పటికీ కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. అతని వెనకాల మందుల గంప నెత్తిన పెట్టుకుని చెమటలు కక్కుతున్నవాడు కుంభగిరి యువరాజు చిత్రభానుడు. మాసిన పంచె, మోకాళ్ల దాకా బురద, తలకు చింకిగుడ్డ. వేషం బాగానే కుదిరింది కాని, చూపు మాత్రం సింహాసనం మీంచి చూసే చూపే.

"చూడలేదు. అయితే ఏమంటావు?" అన్నాడు యువరాజు.

"అనుమానంగా ఉందంటాను. త్రిశృంగపురం వాళ్ల బలమంతా ఆ అగ్నివ్యాళంలోనే ఉంది. దానికి జబ్బు చేసిందనీ, నయం చేసినవాడు ఏది కోరితే అది ఇస్తామనీ ఊరూరా డప్పు కొట్టిస్తున్నారు. శత్రువు చెవిన పడుతుందన్న జంకు లేదా? పోనీ, జబ్బు నిజమే అనుకుందాం. మనకంటే ముందు ఇద్దరు పశువైద్యులు ఆ లోయలోకి వెళ్లారు. ఒక్కడూ తిరిగి రాలేదు."

"భయమైతే వెనక్కి పోదాం, పద."

"భయం లేదని నేననలేదు," అన్నాడు కరిమల్లుడు. "వెనక్కి పోదామనీ అనలేదు."

వెనక్కి పోవడానికి చోటెక్కడుంది? ఒక్క నెలలో మూడు కోటలు బూడిదయ్యాయి. మొదట తుంగదుర్గం, తరవాత పాలకోన, ఆపైన ఏనుగుబండ. ఆకాశంలోంచి రెక్కల మహాసర్పం ఒకటి దిగివచ్చి, నోరు తెరిచి నిప్పులు కక్కి పోతుంటే ఏ గోడ నిలుస్తుంది? ఏనుగుబండలో కరిమల్లుడు చేతులారా పెంచిన ఏనుగులు పదహారు ఉండేవి. నిప్పు తగిలి చచ్చినవి మూడే. మిగిలిన పదమూడూ బెదిరిపోయి, సొంత సైనికులనే తొక్కుకుంటూ పోయి అగాధంలో పడ్డాయి. ఇక మిగిలింది కుంభగిరి కోట ఒక్కటే. వ్యాళాన్ని ఎక్కడ కొడితే చస్తుందో కనుక్కుని రావాలి. ఆ పని మీదే వాళ్లిద్దరూ బయలుదేరారు.

"ఇక్కణ్ణుంచి మీరు నా కూలివాడు గంగులు," అన్నాడు కరిమల్లుడు. "నేను 'ఒరే' అంటాను. అవసరమైతే ఇంకో మాట కూడా అంటాను. కోపం తెచ్చుకోకండి."

"తెచ్చుకోను," అన్నాడు యువరాజు పళ్లు బిగించి.

లోయలోకి దిగుతుంటే త్రిశృంగ సైన్యం విడిది కళ్లముందు పరుచుకుంది. పసుపు గుడారాలు చామంతి తోటలా బారులు తీరాయి. మూడు కొమ్ముల పతాకాలు గాలికి పటపటలాడుతున్నాయి. కమ్మరి కొలుముల దగ్గర సమ్మెటలు మోగుతున్నాయి. చూసేవాడి గుండె జారిపోయే వైభవమే అది. కాని పశువుల మధ్య బతికినవాడి కన్ను ముందు పశువుల మీదే పడుతుంది. గుర్రాలన్నిటినీ లోయ ఈ చివర, గాలికి ఎదురుగా కట్టేశారు. వ్యాళం ఉన్న కొండ ఆ చివర ఉంది. అంత దూరంలో ఉండి కూడా గుర్రాలు చెవులు వెనక్కి విరిచి, గిట్టలతో నేల తవ్వుతున్నాయి. ఇంత సేనలో ఒక్క ఏనుగు లేదు. కొండ కింద కాపలా ఉన్న సైనికులు మిట్టమధ్యాహ్నం ఎండలో భుజాల మీద తడి గొంగళ్లు కప్పుకున్నారు. పక్కనే రెండు వందల దున్నపోతుల మంద. వాటికి మేత మోసే బళ్లు ఇరవై దాకా ఉన్నాయి.

"చూశారా?" అన్నాడు కరిమల్లుడు పెదవి కదపకుండా. "అదొక్కటి పైన ఎగరాలంటే, కింద ఇన్ని బళ్లు నడవాలి. దాన్ని తెచ్చుకుని తమ ఏనుగుల్ని తామే పోగొట్టుకున్నారు. సొంత సైనికులకే దాని మీద నమ్మకం లేదు."

సేనాపతి గుడారం ముందు వాళ్లను ఆపారు. సేనాపతి బలాహకుడు ఎండిన చింతబరికెలా ఉన్నాడు. వెనక నుంచి ఎవరూ రాకుండా వీపు గుంజకు ఆనించి కూచున్నాడు. తన నీళ్లు తానే ముంచుకున్న సొరబుర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకొకరి చేతి నీళ్లు అతను తాగడని చూడగానే తెలిసిపోయింది.

"ఏ ఊరు?"

"మలయకోన అడవుల్లోంచి వస్తున్నాం, మహాసేనాపతీ. ఏనుగులకూ కొండచిలువలకూ మందిచ్చేవాణ్ణి. నన్ను పుట్టయ్య అంటారు."

"వీడు?"

"గంప మోసేవాడు. గంగులు."

బలాహకుడు లేచి వచ్చి, యువరాజు కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశాడు. కావలివాళ్ల ఈటెలు అప్పటికే ఇటు తిరిగాయి.

"గంప మోసేవాడికి భుజాలు కాయకాస్తాయి. వీడికి అరచేతిలో, సరిగ్గా కత్తి పిడి ఆనే చోట కాచింది. దీనికేమంటావు, పుట్టయ్యా?"

మరుక్షణంలో కరిమల్లుడి చెయ్యి లేచి యువరాజు చెంప ఛెళ్లుమనిపించింది.

"ఒరే అప్రాచ్యుడా! గరిడీ గుమ్మం మళ్లీ తొక్కావా? మీ అమ్మ చావుబతుకుల్లో ఉండి నాచేత చేతిలో చెయ్యి వేయించుకోబట్టి గాని, లేకపోతే నీలాంటి పనిదొంగకు తిండి పెట్టేవాణ్ణా? సేనాపతీ, ఏం చెప్పుకోను నా ఖర్మ! మా అక్క కొడుకు. పిల్లనిస్తానని నోరు జారాను. పొద్దస్తమానం గరిడీలో కర్ర తిప్పడం తప్ప వీడికి ఇంకో విద్య లేదు."

యువరాజు చెంప మీద అయిదు వేళ్లూ తేలాయి. కళ్లలో నిప్పులు లేచాయి. తల వంచుకుని, "తప్పయింది మామా," అన్నాడు. కావలివాళ్లు ఘొల్లున నవ్వారు. నవ్వనివాడు బలాహకుడు ఒక్కడే.

"సరే, చూద్దాం. వ్యాళం దగ్గరికి తీసుకుపోండి," అన్నాడు అతను. తానూ వెనకే వచ్చాడు.

కొండ మొదట్లో పెద్ద చపటా బండ ఉంది. దాని చుట్టూ నాలుగు గుండాల్లో నిప్పులు మండుతున్నాయి. ఆ నడుమ పడుకుని ఉంది అగ్నివ్యాళం. ఆరు ఏనుగుల్ని వరసగా నిలబెట్టినంత పొడుగు. తాటిచెట్టు మొదలంత మెడ. ఓడ తెరచాపలు ముడిచినట్టు రెండు రెక్కలు, కింద ముడుచుకున్న గోళ్ల కాళ్లు. శ్వాస విడిచినప్పుడల్లా ముక్కుపుటాల నుంచి వేడి ఆవిరి బుస్సుమని లేస్తోంది. తుంగదుర్గం మీద ఎగిరినప్పుడు అది కరిగించిన కంచులా మెరిసిందని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చెప్పారు. ఇప్పుడా మెరుపు లేదు. పొలుసుల మీద బూడిద చల్లినట్టుంది. కళ్లు రెండూ పాలు పోసిన గిన్నెల్లా తెల్లగా ఉన్నాయి.

దాని పక్కన ఎర్రకాషాయం కట్టి, చెయ్యి పైకెత్తి మంత్రాలు చదువుతున్న పొట్టివాడు మాంత్రికుడు ఉల్కాముఖుడు. ఎడమ చెంప కాలి ముడతలు పడింది. వ్యాళం మెడకు ఇనప కంటె ఉంది. కంటెకున్న గొలుసు మాంత్రికుడి ముంజేతికి చుట్టి, పాదాల దగ్గర కుప్పగా పడి ఉంది.

"ఇది గ్రహపీడ! పశువైద్యులకు అంతుపట్టేది కాదు," అని గర్జించాడు ఉల్కాముఖుడు. "అయినా చూసుకో! ఓం హ్రీం, తల దించు!"

వ్యాళం తల దించింది. సైనికులు భయభక్తులతో చేతులు జోడించారు. కరిమల్లుడు మాత్రం మాంత్రికుడి నోటిని కాక పాదాన్ని చూశాడు. 'హ్రీం' అన్నప్పుడు ఆ పాదం గొలుసును నేలకు తొక్కింది. గొలుసు బిగిసింది. అప్పుడు దిగింది తల.

అతను దగ్గరకు వెళ్లి, తడిగుడ్డతో వ్యాళం దవడ మెల్లగా తుడిచాడు. చిత్రంగా ఆ మహాసర్పం దవడను అతని చేతికి ఆనించి రుద్దుకుంది. చెయ్యి గొంతు కిందికి పోయింది. కంటె లోపలి వైపు బొటనవేలంత ముళ్లున్నాయి. ముళ్లు దిగిన చోటల్లా పుండ్లు పడి రసి కారుతోంది. తిక్క మావటి అంకుశంతో పొడిచి పొడిచి చెవి వెనక మాంసం కుళ్లిపోయిన ఏనుగుల్ని కరిమల్లుడు చూశాడు. ఆ వాసన అతనికి కొత్త కాదు. తన పదహారు ఏనుగుల్ని పొట్టన పెట్టుకున్న ప్రాణి ఇదే కదా! అయినా గుడ్డ పట్టుకున్న చెయ్యి తనంతట తానే మెత్తబడింది.

"తిండి మానేసి ఎన్నాళ్లయింది?"

"ఆరు రోజులు," అన్నాడు వెనక నుంచి బలాహకుడు.

"రాళ్లకు మూతి రాచుకుంటోందా? నీళ్లు కనబడితే పొర్లుతోందా?"

"అవును. నీకెలా తెలుసు?"

కరిమల్లుడు వంగి ఆ తెల్లటి కళ్లలోకి చూశాడు. దీనికి జబ్బూ లేదు, గ్రహపీడా లేదు. నాగుపాము కుబుసం విడిచే ముందు ఇలాగే ఉంటుంది. కళ్ల మీద పొర కమ్ముతుంది. నాలుగు రోజులు గుడ్డిదై, తిండి ముట్టక ముడుచుకుని పడుకుంటుంది. ఇంత చిన్న సంగతి, దీన్ని గుడ్డు నుంచి పెంచానని చెప్పుకునే మాంత్రికుడికి తెలియకుండా ఉంటుందా?

అప్పుడే ఉల్కాముఖుడు విభూతి చల్లే నెపంతో అతని పక్కన వంగాడు.

"నీకు తెలిసిపోయింది," అన్నాడు గుసగుసగా. "మొదట వచ్చినవాడికీ ఇలాగే తెలిసిపోయింది. నేను చంపాను. రెండోవాడికి ఏమీ తెలియలేదు. రెండు రోజుల్లో నయం చేస్తానని సేనాపతి దగ్గర కోతలు కోశాడు. నయం కాలేదని ఆయన చంపాడు. నువ్వే దారిన పోతావు?"

కరిమల్లుడు వ్యాళం పుండు తుడుస్తూనే, "కంటెకూ మెడకూ నడుమ వేలు దూరే సందు లేదు," అన్నాడు. "కుబుసం విడిస్తే ఇది ఇంకా పెరుగుతుంది. ఈ కంటె ఆగదు."

మాంత్రికుడి మొహం పాలిపోయింది. "కొత్త కంటె పోత పోయిస్తున్నాను. నాలుగు రోజులు పడుతుంది. అయిదు రోజులు దీన్ని కదిలించవద్దని చెప్పు. నీ ప్రాణానికి నాది పూచీ."

"ఆయనకే నిజం చెప్పరాదా?"

"మంత్రం నాది అనుకున్నంత కాలమే నా తల నాది. ఇనుముతో సాగే పనే అయితే ఇక నేనెందుకు?"

ఒకడికి ఒకడంటే నమ్మకం లేదు. సేనాపతి డప్పు కొట్టించింది ఎందుకో కరిమల్లుడికి అప్పుడు తెలిసింది. మాంత్రికుడు కావాలనే వ్యాళాన్ని పడుకోబెట్టాడని అతని అనుమానం. ఆ అనుమానం ముందు, శత్రువు వింటాడన్న భయం కూడా చిన్నదైపోయింది.

ఇంతకు మించిన అదను కుంభగిరికి దొరకదు. కబురు వెంటనే పోవాలి.

"ఒరే గంగులూ!" అని కేక వేశాడు. "ఏటి ఒడ్డుకు పోయి తెల్లకంటి ఆకు కోసుకురా. నాలుగంటే నాలుగే రెమ్మలు. అయిదోది పనికిరాదు. ఎండ ఎక్కిందంటే ఆ ఆకుకు బలం వచ్చి మన చేతులే కాలుస్తుంది. పొద్దు పొడవక ముందు, చల్లటి వేళలో కోస్తే పసిపిల్లాడు కూడా కోయొచ్చు. లేత పొర చూసి కొయ్యి. దాని ప్రాణమంతా ఆ పొరలోనే. తెలిసిందా?"

యువరాజు కళ్లు మెరిశాయి. కళ్లు నాలుగు రోజులు తెల్లగా ఉంటాయి. తెల్లవారుజామున, ఒళ్లు వేడెక్కక ముందు కొట్టాలి. రెక్కల పొర మీద కొట్టాలి.

"తెలిసింది మామా," అని గంప దించి బయలుదేరాడు. బలాహకుడు కనుసైగ చేశాడు. ఇద్దరు బంట్లు అతని వెంట నడిచారు. చిత్రభానుడి చేతికి ఇద్దరు బంట్లు ఒక లెక్క కాదని కరిమల్లుడు గుండె నిబ్బరం చేసుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు బలాహకుడు. "ఎన్ని రోజులు?"

"అయిదు రోజులు కదలకూడదు, సేనాపతీ. ఆముదం మర్దన చెయ్యాలి. కళ్ల మీద పొర..."

"అయిదు రోజులు! ఈ మాంత్రికుడూ అయిదే అన్నాడు. ఇందాక ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకున్నప్పుడు కుదుర్చుకున్న లెక్కేనా ఇది?" బలాహకుడు మొదటిసారి నవ్వాడు. "ఈ పొద్దున వేగులు ఒక కబురు తెచ్చారు. కుంభగిరి కోటలో యువరాజు లేడట. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదట. ముసలి రాజు ఒంటరిగా ఉన్నాడు. ఇలాంటి రోజు మళ్లీ రాదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, దీని ఒళ్లు కాగే ఉంది. గుడ్డిదైతేనేం? కళ్లున్నవాళ్లు ఇద్దరు మెడ మీద కూచుంటే సరి. మాంత్రికుడు నడిపిస్తాడు, వైద్యుడు పూచీ ఉంటాడు. ఇప్పుడే ఎగరాలి."

"మహాసేనాపతీ!" అని ఉల్కాముఖుడు అరిచాడు. పది ఈటెలు అతని రొమ్ముకు ఆనాయి. ఇంకో పది కరిమల్లుడి వీపుకు ఆనాయి.

దున్నతోలు జీను మీద ఇద్దర్నీ ఎక్కించి నడుములకు తాళ్లు బిగించారు. గుండాల్లో నెయ్యి పోశారు. మంటలు ఎగసి వేడి తగలగానే వ్యాళం ఒళ్లు విదిలించి లేచింది. రెక్కలు విచ్చాయి. గాలి దెబ్బకు చుట్టుపక్కల గుడారాలు గుంజలతో సహా లేచిపోయాయి. ఉల్కాముఖుడు గొలుసు లాగాడు. కొండ, లోయ, సేన అన్నీ ఒక్క ఊపున కరిమల్లుడి కాళ్ల కిందికి పోయాయి.

కరిమల్లుడు ఎన్నో ఏనుగుల మెడ మీద కూచున్నాడు. మెడ కింద నేల లేకపోవడం మాత్రం అతనికి అదే మొదటిసారి. గాలి కళ్లు తెరవనివ్వలేదు.

"ఎడమకు! ఎడమకు తిరుగు!" అని ఉల్కాముఖుడు గొలుసును రెండు చేతులా గుంజాడు.

"లాగవద్దు! ముళ్లు లోపలికి దిగుతున్నాయి!"

"నోర్ముయ్! కొండకు కొట్టుకుంటాం!"

గొలుసు ఇంకో గుంజు గుంజాడు. కళ్లు కనబడక, నొప్పికి దిక్కు తెలియక వ్యాళం మెడ వెనక్కి తిప్పి నోరు తెరిచింది. గొంతు కింద సంచి ఉబ్బింది. ధగధగమంటూ నిప్పుల ధార లోయ మీద పడింది. కుంభగిరి మీద కురవవలసిన మంట త్రిశృంగ సైన్యం మేతబళ్ల మీద కురిసింది! ఎండుగడ్డి భగ్గుమంది. రెండు వందల దున్నపోతులు తోకలు ఎత్తి గుడారాల మీదుగా పరుగు లంకించుకున్నాయి. గుర్రాలు కట్టుగొయ్యలు పెరికాయి. పసుపు పతాకాలు ఒకటొకటిగా ఒరిగిపోయాయి. పది ఘడియల యుద్ధం చెయ్యలేని నాశనం ఒక్క గుటకలో అయిపోయింది.

లోయ పక్కనే, రెండు రాజ్యాల నడుమ పారే నీలవేణి నది మీదికి వచ్చేసరికి కరిమల్లుడి చేతుల కింద ఏదో చిట్లింది. చూస్తే, వ్యాళం పెదవి దగ్గర చర్మం చీలి వెనక్కి మడుచుకుంటోంది. చీలిక కింద కొత్త పొలుసులు నిగనిగలాడుతున్నాయి. నాలుగు రోజులు ఆగవలసిన కుబుసం, గుండాల వేడికీ ఎగిరిన ఊపుకూ ఇప్పుడే విడుతోంది. కంటె చీల కిర్రుమంది.

"నువ్వే! చీల కోశావు కదూ! నువ్వు కుంభగిరివాడివి!" ఉల్కాముఖుడు మొలలోంచి బాకు దూసి పొడవబోయాడు. కరిమల్లుడు పక్కకు ఒరిగాడు. బాకు అతని నడుము తాడును తెగ్గోసింది. రెండో పోటుకు మాంత్రికుడు చెయ్యి ఎత్తాడు. అంతే. పిడుగు పడ్డట్టు చప్పుడయింది. కంటె రెండు ముక్కలై ఎగిరిపోయింది. దానికున్న గొలుసు ముంజేతిని లాగితే, జీను పట్టీలు తెగి, జీనుతో సహా ఉల్కాముఖుడు కింద నదిలోకి రాయిలా పోయాడు. అరిచాడేమో తెలియదు. గాలిలో వినబడలేదు.

కరిమల్లుడు చేతికి దొరికినదాన్ని పట్టుకున్నాడు. దొరికింది వదులైన పాత చర్మం. అది చొక్కా చేతిని ఊడదీసినట్టు వ్యాళం ఒంటి మీంచి జారుతోంది. అతనూ దానితో జారాడు. మెడ మీంచి వీపు, వీపు మీంచి తోక. ఒక్కసారిగా కుబుసం మొత్తం ఊడివచ్చి, లోపల గాలి నిండి, తెల్లటి గుమ్మటంలా ఉబ్బింది. దాని అంచు పట్టుకుని వేలాడుతూ అతను గిరికీలు కొట్టుకుంటూ దిగి, నది నడుమనున్న ఇసుక లంక మీద దబ్బున పడ్డాడు.

తేరుకునేసరికి నేల అదిరింది. వ్యాళం కూడా అదే లంక మీద వాలింది.

పరుగెత్తడానికి చోటు లేదు. అది మూతి నీళ్లలో పెట్టి ఆబగా తాగింది. తాగి తాగి తల ఎత్తింది. తెల్లపొర పోయింది. తోమిన రాగి బిందెల్లాంటి కళ్లు రెండు అతని మీద నిలిచాయి. కరిమల్లుడు చూపు తిప్పుకోలేదు. నిలబడ్డ చోటనే నిలబడి, మదమెక్కిన ఏనుగుతో మాట్లాడినట్టు గొంతు తగ్గించి, "ఏం లేదమ్మా, ఏం లేదు," అన్నాడు. వ్యాళం ముక్కుపుటాలు ఎగరేసి అతని చేతుల వాసన చూసింది. ఆపైన అతన్ని వదిలేసి, రెక్కలు రెండూ ఇసుక మీద పరిచి ఎండలో ఆరబెట్టుకుంది. వాటి కొత్త పొర అప్పుడే విచ్చుకున్న అరిటాకులా తడిగా, పలచగా ఉంది. అది ఆరేదాకా ఎగరలేదు.

కుంభగిరి వైపు రెల్లు దుబ్బుల్లోంచి తెప్పలు వచ్చాయి. వాటి మీద నలభై మంది విలుకాళ్లు. ముందు నిలబడ్డవాడు చిత్రభానుడు. చింకిగుడ్డ పోయి తలమీదికి శిరస్త్రాణం వచ్చింది.

"భళా కరిమల్లా! నిన్ను కన్నతల్లి వీరమాత!" అంటూ లంక మీదికి దూకాడు.

కరిమల్లుడికి సంతోషం పొంగింది. అంతలోనే, ఈ నలభై మంది ఇంత త్వరగా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారన్న ప్రశ్న వచ్చింది. తెప్పల మీద చూశాడు. ఈటెలు లేవు, గొడ్డళ్లు లేవు. ఇనప గొలుసులతో అల్లిన వలలున్నాయి. నలుగురు మనుషులు మోస్తున్నది ఒక కంటె. కొత్తది. ఏ మెడకైనా సరిపెట్టుకునేలా వరసగా చీలల బెజ్జాలున్నాయి. లోపలి వైపు ముళ్లున్నాయి.

"యువరాజా, ఎక్కడ కొడితే చస్తుందో కనుక్కోమన్నారు."

"అన్నాను. కంటె సంగతి వేగులు ఎప్పుడో చెప్పారు. అందుకే ఇంకోటి పోత పోయించి, వీళ్లను ముందే ఈ రెల్లులో దాచి ఉంచాను. మాకు కొరత పడ్డది దాని దగ్గరికి పోగల మనిషి. చంపుతామని చెప్పకపోతే నువ్వు వచ్చేవాడివా? ఆలస్యం చేయకు. నీ చేతికి అది లొంగింది. తొడిగెయ్. ఎల్లుండికి త్రిశృంగపురంలో కాకి కూడా మిగలదు."

"అక్కడా ఊళ్లున్నాయి, బాబూ. ఆడవాళ్లు, పసివాళ్లు."

"తుంగదుర్గంలో లేరా?"

కరిమల్లుడు రెక్కలు ఆరబెట్టుకుంటున్న వ్యాళం వైపు చూశాడు. "ఇది మళ్లీ పెరుగుతుంది," అన్నాడు. "మళ్లీ కుబుసం విడుస్తుంది. ఆ రోజు కంటె తెగితే కింద ఉండేది కుంభగిరి. ఇందాక ఆ లోయలో ఏమయిందో నేను పైనుంచి చూశాను."

"రాజ్యం సంగతి నాకు వదిలెయ్. ఇది ఆజ్ఞ."

కరిమల్లుడు తల వంచాడు. నలుగురు మోసుకొచ్చిన కంటెను అంచు పట్టి ఇసుక మీద ఈడ్చుకుంటూ వ్యాళం వైపు నడిచాడు. లంక ఆ కొస నీలవేణి మడుగు. అక్కడ నీళ్లు నల్లగా సుడులు తిరుగుతున్నాయి, ఎంత లోతో ఎవరూ చూసినవాళ్లు లేరు. వ్యాళం పక్కదాకా పోయినవాడు ఆగలేదు. ఇంకో నాలుగు అడుగులు వేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కంటెను మడుగులోకి నెట్టేశాడు. బుడబుడమని నీళ్లు మూసుకున్నాయి.

ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు.

"ద్రోహి!" అని చిత్రభానుడు గొంతు చించుకున్నాడు. "రెక్కల మీద కొట్టండి! పొర చీల్చండి! ఎగరనివ్వకండి!"

నలభై విల్లులు వంగాయి. అటు ఒడ్డున మసి కొట్టుకున్న మొహంతో బలాహకుడూ అతని వెనక పడవలూ కనబడ్డాయి. "దాన్ని ప్రాణాలతో పట్టండి! ఆ వైద్యుణ్ణి చంపండి!" అని అతనూ అరుస్తున్నాడు.

కరిమల్లుడు వ్యాళం ముంగాలు మీద అడుగు వేసి, భుజం మీదుగా మెడ మీదికి ఎగబాకాడు. కళ్లెం లేదు, గొలుసు లేదు. అది నడిపితే నడవాలి, విసిరితే పడాలి. వ్యాళం ఒక్కసారి మెడ తిప్పి అతన్ని చూసింది. తరవాత తడి ఆరీ ఆరని రెక్కలు ఎత్తింది. లంక మీది ఇసుక సుడిగాలిలా లేచింది. రెండు వైపుల నుంచీ బాణాలు ఒకేసారి వచ్చాయి. ఎడమ భుజంలో మంట పుట్టింది. పట్టు వదలకుండా తల వంచి చూసుకున్నాడు.

దిగిన బాణానికి ఎర్ర ఈకలున్నాయి. ఎర్ర ఈకలు కట్టేది కుంభగిరి విలుకాళ్లు.